తొలి దీవెన అందుకున్న ప్రాణులు



బైబులు గ్రంథంలో సర్వేశ్వరుడు మొట్టమొదట ఎవరిని దీవించాడు? జ్ఞానోపదేశం తరగతిలో ఈ ప్రశ్న వేస్తే పిల్లలు "ఆదామేవలను" అంటారు. పెద్దలు కాస్త ఆలోచించి "అబ్రాహామును" అంటారు. ఆదికాండము మొదటి అధ్యాయం తెరచి నెమ్మదిగా చదవండి. వెలుగును చేసిన రోజున దీవెన లేదు. నేలను, చెట్లను, సూర్యచంద్రులను చేసిన రోజుల్లో అవి బాగున్నాయన్న మాట ఉంది గాని దీవెన లేదు. ఐదవ రోజున నీటిలోని మహా ప్రాణులను, ఆకాశంలో ఎగిరే పక్షులను చేసినప్పుడే దేవుని నోట తొలి దీవెన వెలువడింది (ఆది 1:20-22). మనిషి వంతు మరునాడు వచ్చింది.

సముద్రం మీద పడవలో వెళ్ళేవారికి ఈ ఐదవ రోజు ఒక్కోసారి కళ్ళెదుటే కనిపిస్తుంది. దూరంగా పక్షులు గుంపుగా తిరుగుతూ నీటిలోకి దూకుతుంటే అక్కడ చేపల మంద ఉన్నదని జాలరులకు తెలుసు. చాలాసార్లు ఆ మందను కింద నుండి పైకి తరిమేది డాల్ఫిన్లే. కింద డాల్ఫిన్లు, పైన పక్షులు, ఇద్దరికీ ఒకే పంక్తి భోజనం. ఒకే రోజున పుట్టి ఒకే దీవెన అందుకున్నవి కదా!

"సముద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న ఓరుగల్లువాళ్ళకు ఈ సంగతి ఎందుకు ఫాదర్?" అని మీరు అడగవచ్చు. రెండు కారణాలున్నాయి. మొదటిది, సెలవులు వస్తే మనవాళ్ళు పిల్లాపాపలతో విశాఖపట్నం వెళ్తున్నారు. కొందరు ఇంకా ముందుకు, ఒడిశాలోని పూరీకి, చిలికా సరస్సుకు పోతున్నారు. అక్కడ సాతపడ రేవులో డాల్ఫిన్లను చూపించే పడవలు ఎక్కుతున్నారు. రెండవ కారణం తరువాత చెబుతాను.

చిలికా సముద్రంతో కలిసి ఉన్న ఉప్పునీటి సరస్సు. వేసవిలో సుమారు 900 చదరపు కిలోమీటర్లు, వానాకాలంలో 1,100కు పైగా విస్తరిస్తుంది. అక్కడి డాల్ఫిన్‌కు ముక్కు పొడవుగా ఉండదు. గుండ్రని తల, వీపుమీద చిన్న రెక్క, చూస్తే నవ్వుతున్నట్టుండే మూతి. బర్మాలోని నది పేరుమీద దానిని ఇరవాడి డాల్ఫిన్ అంటారు. అయితే శాస్త్ర ప్రపంచానికి దానిని పరిచయం చేసింది మన తెలుగు తీరమే. 1852లో విశాఖపట్నం రేవులో దొరికిన డాల్ఫిన్ ఆధారంగా 1866లో రిచర్డ్ ఓవెన్ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ఈ జాతిని వర్ణించాడు. ఆ నమూనాను అందించినవాడు అప్పుడు ఉత్తర సర్కారులలో అధికారిగా ఉన్న వాల్టర్ ఎలియట్. అదే ఏడాది, అదే విశాఖ తీరం నుండి వెళ్ళిన నమూనాతో మరుగుజ్జు స్పెర్మ్ తిమింగలం కూడా శాస్త్రానికెక్కింది. నిండా పెరిగినా అది సుమారు తొమ్మిది అడుగులే ఉంటుంది. మన వాకిట్లో తిరిగే ఈ చుట్టాల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

ఈ జీవులు చేపలు కావు. తల్లి పాలు తాగి పెరిగేవి, మనలాగే గాలి పీల్చేవి. క్రీస్తుకు మూడు వందల ఏళ్ళకు ముందే అరిస్టాటిల్ ఈ మాట రాసిపెట్టాడు. మనకు నిద్రలో కూడా ఊపిరి దానంతటదే ఆడుతుంది. డాల్ఫిన్‌కు ఆ వెసులుబాటు లేదు. ప్రతి శ్వాసకూ అది తానుగా పైకి రావాలి. అందుకే నిద్రపోయేటప్పుడు దాని మెదడులో సగమే నిద్రపోతుంది, మిగతా సగం మేలుకొని కావలి కాస్తుంది. వలలో చిక్కుకుంటే నీటిలో పుట్టిన ఆ జీవి నీటిలోనే ఊపిరాడక చనిపోతుంది. ఆదాము నాసికారంధ్రాలలో దేవుడు ఊదిన ఊపిరిని గురించి ధ్యానించే మనకు ఈ సంగతి చిన్నది కారాదు.

ఇప్పుడు పడవలోకి వద్దాం. డాల్ఫిన్ పైకి వచ్చేది ఊపిరికోసం. మనం వెళ్ళేది ఆ క్షణాన్ని చూడటానికి. నీటిమీద నల్లని వీపు ఒకటి కనబడగానే పడవలో కేకలు మొదలవుతాయి. "భాయీ, ఇంకా దగ్గరికి పోనియ్యి! ఫోటో రాలేదు!" ఆ కేకకు పడవ మలుపు తిరుగుతుంది. అది చూసి పక్క పడవ, దాని వెనుక ఇంకొకటి. ఊపిరి తీసుకోవలసిన చోట మరల మోత, నీటిలో గిరగిర తిరిగే ఇనుప రెక్కలు. ఆ రెక్కల గాయాలతో డాల్ఫిన్లు చనిపోయిన సందర్భాలు ఉన్నాయి. చిలికాలో ఉన్నవి మొత్తం సుమారు 150 మాత్రమే. తల్లి ఏడాదికి పైగా మోసి ఒక్క పిల్లనే కంటుంది. అలాంటి మందలో ఒక్కటి పోయినా ఆ లోటు తీరడానికి ఏళ్ళు పడుతుంది.

తప్పు పడవవానిదని తేల్చేయడం సులువు. కాని అతని ఇంట్లో పొయ్యి వెలిగేది మీరిచ్చే కిరాయితో. డాల్ఫిన్ కనబడకపోతే మీ ముఖం చిన్నబోతుందని, మీరిచ్చేది తగ్గుతుందని అతనికి భయం. అతడు మర వేగం పెంచేది మన ఆత్రం చూసే. కనుక అసలు చుక్కాని ప్రయాణికుల చేతిలోనే ఉంది. "డబ్బు కట్టాం కదా" అంటారా? మనం డబ్బు కట్టింది పడవకు. డాల్ఫిన్ దర్శనానికి ధర కట్టే అధికారం ఎవరికీ లేదు.

కీర్తనకారుడు 104వ కీర్తనలో సముద్రాన్ని చూసి ఓడలను, మహా జలచరాన్ని పక్కపక్కనే తలచుకుంటాడు. ఆ జలచరాన్ని దేవుడు చేసింది అక్కడ ఆడుకోవడానికట! మన భోజనానికనో, మన వినోదానికనో అక్కడ లేదు. యోబు గ్రంథంలోనూ దేవుడు యోబు ప్రశ్నలకు జవాబుగా అడవి మేకలను, డేగను, సముద్రపు మృగాన్ని చూపిస్తాడు. మనిషి ఏలుబడిలో లేని ప్రాణులు కూడా దేవుని కనుసన్నలలో ఉన్నాయని యోబు నేర్చుకోవలసి వచ్చింది. ఒక్క సృష్టి దేవుని మంచితనాన్ని పూర్తిగా చూపలేదు గనుక ఆయన అనేక విధాల ప్రాణులను చేశాడని, ఒకదానిలో కొరవడినది మరొకదానిలో కనబడుతుందని పునీత తోమాసు అక్వీనాసు బోధించాడు. అలా అయితే ఒక జాతి అంతరించిపోతే దేవుని గూర్చి చెప్పే ఒక సాక్షి నోరు మూగబోయినట్టే.

మనిషి చేయి గాయపరచడమే కాదు, మాన్పనూ గలదు. పూడికతో సముద్రపు నీరు లోనికి రాక చిలికా కుంచించుకుపోయింది. 1993లో అది ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల అంతర్జాతీయ పట్టికకు ఎక్కింది. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వారు. చేపలు తిరిగి వచ్చాయి, జాలరుల వలలు నిండాయి. 2002లో ఆ పట్టిక నుండి దాని పేరు తొలగింది. జాలరికి మేలు చేసిన పనే డాల్ఫిన్‌కూ మేలు చేసింది. పేదవాని కూడు, ప్రాణుల క్షేమం ఒకదానికొకటి పగ అనుకునేవారికి ఇదే జవాబు.

ఇక రెండవ కారణం. మన ఓరుగల్లు ప్రాంతపు వాననీరు కొంత గోదావరికి, కొంత కృష్ణకు చేరి సముద్రంలో కలుస్తుంది. మన మోరీలో పడేసిన ప్లాస్టిక్ కవరు ఆ నీటితోపాటు అక్కడిదాకా పోగలదు. సముద్రపు పక్షులు ప్లాస్టిక్ ముక్కలను మేత అనుకుని మింగుతాయి, తెలియక పిల్లల నోట పెడతాయి. పసిఫిక్ మహాసముద్రం నడుమ మిడ్వే దీవిలో చనిపోయిన ఆల్బట్రాస్ పిల్లల కడుపుల్లో సీసా మూతలు, లైటర్లు దొరికాయి. పడవ ఎక్కని మనం కూడా ఆ సముద్రానికి ఏదో ఒకటి పంపుతూనే ఉన్నాం.

కాబట్టి ప్రియులారా, ఈసారి సెలవుల్లో పడవ ఎక్కేముందే పడవవానితో ఒక మాట చెప్పండి: "భాయీ, వెంటపడవద్దు. దూరంగా మర ఆపు. అవి వస్తే చూస్తాం, రాకపోయినా నీ కిరాయి నీకు ఇస్తాం." ఎగిరే పక్షులకు చిప్సు విసరకండి. ఖాళీ ప్యాకెట్టును జేబులో పెట్టుకొని రేవుకు తెచ్చుకోండి. పిల్లలకు ఐదవ రోజు కథ పడవలోనే చెప్పండి. మర ఆగిన ఆ నిశ్శబ్దంలో "ఫూ" మని ఒక ఊపిరి వినబడవచ్చు, వినబడకపోవచ్చు. వినబడితే తొలి దీవెన ఇచ్చిన దేవునికి వందనం చెప్పండి. వినబడకపోతే, అవి ఎక్కడో మన కంటికి దూరంగా హాయిగా ఊపిరి తీసుకుంటున్నాయని సంతోషించి తిరిగి రండి.