కాయకము - పసిబిడ్డ పోషణ

కాయకమనగా కూలి వచ్చు పని మాత్రమేనా? ఇంట పసిబిడ్డను కనిపెట్టుకొని యుండుట కాయకమగునా, కాదా? ఈ ప్రశ్నకు ‘అగును’ అని బదులు చెప్పుట సులభము. అట్లు చెప్పినవారి ఇండ్లలో ఆ కాయకమును ఎవరు చేయుచున్నారో చూచినప్పుడే చిక్కు తెలియును.

2020 మార్చి 25 నుండి మహమ్మారి కారణముగ దేశమంతట రాకపోకలు నిలిచినవి. బడులు, అంగన్‌వాడీలు, శిశుగృహములు మూతపడినవి. వృద్ధులకు వ్యాధి సోకునను భయముచే పసివారిని తాత, అమ్మమ్మల యొద్దకు పంపుటకు వీలు లేకపోయెను. తెలంగాణలో ఒకటి మొదలు ఐదు తరగతుల పిల్లలకు బడి తలుపులు తెరచునప్పటికి 2021 సెప్టెంబరు వచ్చెను. అంతకాలము ఆ పిల్లలను చూచినదెవరు?

విపత్తుకు ముందే త్రాసు ఒకవైపునకు ఒరిగి యుండెను. 2019లో జాతీయ గణాంక కార్యాలయము జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారము, ఇంటిపనులలో పాల్గొన్న స్త్రీ దినమునకు సగటున 299 నిమిషములు, పురుషుడు 97 నిమిషములు వెచ్చించిరి. బిడ్డల, వృద్ధుల సేవలో ఆ లెక్క 134, 76. ఆర్థికశాస్త్రవేత్త అశ్వినీ దేశ్‌పాండే పరిశోధనలో మరొక సంగతి తేలెను. 2020 ఏప్రిలులో పురుషులు ఇంటిపనికి కొంత ఎక్కువ కాలమిచ్చిరి. ఆగస్టు నాటికి అందులో చాల భాగము తగ్గిపోయెను. అంతకుముందు ఉద్యోగమున్న వారిలో మరల పనికి చేరిన స్త్రీలు పురుషులకంటె తక్కువ. కనుక పురుషునికి ఆ పని చేతకాదనుట నిజము కాదు. చేసిరి, మానిరి.

ఇంటిలో జరుగు లెక్క ఇట్లుండును: ఇద్దరిలో ఒకరు పని మానవలసి వచ్చినచో తక్కువ జీతము వచ్చువారు మానుట మేలు. వినుటకు న్యాయముగనే తోచును. కాని తల్లి జీతము ఏల తక్కువ? బిడ్డ పుట్టినప్పుడు ఒకసారి, బిడ్డకు జబ్బు చేసినప్పుడు మరొకసారి ఆమెయే మానినది గనుక. ఈసారి మానినచో మరుసటిసారి ఆమె జీతము మరింత తక్కువగ నుండును. లెక్క మరల ఆమెనే మానుమనును. ఇది ఎవరో ఒకరి దుర్మార్గము కాదు. మంచి భర్తలున్న ఇండ్లలోను ఇదియే జరిగెను. యజమానులును ఇందుకు దోహదము చేసిరి. బిడ్డకొరకు సెలవడిగిన తండ్రిని చూచి నవ్వని కార్యాలయములు ఎన్ని?

చట్టమును ఈ అలవాటును దాటలేదు. 2017లో ప్రసూతి ప్రయోజనముల చట్టమును సవరించి తల్లికి 26 వారముల సెలవు నిచ్చిరి. 50 మంది పనిచేయు చోట శిశుగృహముండవలెననిరి. దినమునకు నాలుగుసార్లు ఆ గృహమునకు వెళ్లివచ్చుటకు స్త్రీకి అనుమతి యుండవలెనని కూడ వ్రాసిరి. తండ్రి మాట అందులేదు.

పోషణ తల్లికి సహజధర్మమని కొందరందురు. చనుబాలు తల్లియే ఇవ్వగలదు, నిజమే. ఎనిమిదేండ్ల బాలునిచే ఫోనులో పాఠము చదివించుటకు చనుబాలతో పనిలేదు గదా!

ఆయ్దక్కి మారయ్య కథ శరణుల ఇండ్లలో అందరెరిగినదే. నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట ఆయన కాయకము. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినప్పుడు భార్య లక్కమ్మ ఒప్పుకొనక తిరిగి ఇచ్చి రమ్మనెను. భర్త కాయకమునకు కొలత చెప్పు అధికారము ఆమెకు గలదని మారయ్య అంగీకరించెను. గింజలకు చెల్లిన న్యాయము గంటలకు చెల్లదా? ఇంటికి రావలసిన గంటలను కూడ తన ఉద్యోగమునకే ఏరుకొను తండ్రి, తన పాలుకు మించి తీసికొనుచున్నాడు.

కూలికి పోనిదే పొయ్యి వెలుగని ఇండ్లలో ఈ పంపకమునకును తావు లేదు. అచ్చట తల్లిదండ్రులిద్దరును పనికి పోవ, పసివానిని ఎత్తుకొనునది పదేండ్ల అక్క. ఆమె బడి అంతటితో ఆగును. మఠములలో పగటివేళ ఖాళీగ నుండు గదులు గలవు. పేటకొక గదిని, కొద్దిమంది పిల్లలను, వంతులవారీగ ఇద్దరు పెద్దలను ఏర్పరచుట అసాధ్యము కాదు. ఆ వంతుల పట్టికలో మగవారి పేర్లు సగముండవలెను.