రేపు తెలియని ప్రాణికి వైద్యం

కుక్క నీళ్లు ఎక్కువ తాగుతోందంటే ఢిల్లీలో ఎవరికీ అనుమానం రాదు. మే, జూన్‌లలో ఎండ 45 డిగ్రీలకు చేరే ఊరు ఇది. గిన్నె ఖాళీ అయితే మళ్లీ నింపుతాం. మూత్రాన్ని చిక్కబరిచే శక్తి కిడ్నీలకు తగ్గిందనీ, ఆ దాహం అందుకేననీ మూత్ర, రక్త పరీక్షలు చేయిస్తే గానీ తెలియదు. రక్తపరీక్ష కూడా ముందే చెప్పదు. కిడ్నీల పనిలో సుమారు ముప్పావు వంతు పోయేదాకా రక్తంలో క్రియాటినిన్ పెద్దగా పెరగదు. ఈ దీర్ఘకాలిక కిడ్నీ జబ్బులో పోయింది తిరిగి రాదు.

ముసలి కుక్కకు ఈ జబ్బు వస్తే, వయసైపోయిందని మనసుకు సర్దిచెప్పుకుంటాం. మా లాలీకి రెండేళ్లు నిండలేదు. షిట్జు జాతి. నోయిడా ఫ్లాట్లలో ఎక్కడ చూసినా కనిపించే షిట్జులకు, లాసా ఆప్సోలకు కొన్నిసార్లు కిడ్నీలు పుట్టుకతోనే సరిగ్గా ఎదగవు. రీనల్ డిస్‌ప్లేజియా అంటారు. తిండి వల్ల కాదు, మన పెంపకం వల్లా కాదు. నిందించడానికి ఎవరూ లేని దుఃఖం ఇంకా కష్టం.

ఫాస్ఫరస్ తక్కువుండే తిండి, వాంతులు ఆగడానికి మాత్ర, మెడ వెనక చర్మం పైకి లాగి దాని కింద ఎక్కించే రింగర్ లాక్టేట్ ద్రవం. ఇదీ మా దినచర్య. సూది దిగగానే లాలీ తల తిప్పి నా మొహంలోకి చూస్తుంది. రాజమండ్రి నుంచి అమ్మ వీడియోకాల్‌లో అది చూసి, "మూగజీవిని ఎందుకు నాయనా అలా పొడుస్తావు?" అంది.

ఆ ప్రశ్న నన్ను వదలలేదు. రేపటి కోసం ఈ పూట నొప్పి ఓర్చుకోవడం మనిషికి తెలుసు. లాలీకి ఈ పూటే ఉంది. తనకు తెలియని రేపటి కోసం దాని ఇవాళ్టిని తీసుకునే హక్కు నాకెక్కడిది? నన్నయ భారతంలో, తప్పు చేయని తన బిడ్డను కొట్టారని సరమ అనే దేవలోకపు కుక్క జనమేజయ మహారాజు ముందుకొచ్చి నిలదీసింది. లాలీ తరఫున అడగాల్సినవాణ్నీ నేనే, సూది గుచ్చేవాణ్నీ నేనే.

ఆ ద్రవం ఎక్కిన సాయంత్రం లాలీకి వికారం తగ్గుతుంది, బంతి నోట కరుచుకొస్తుంది. ఆ వైద్యం ఈ పూటకే పనికొస్తోంది. అందుకే సూది న్యాయమని నమ్ముతున్నాను. మద్రాసు పశువైద్య కళాశాలలో కుక్కలకు డయాలసిస్ చేస్తారని తెలిసినప్పుడు మాత్రం చాలాసేపు ఆలోచించాను. లెప్టోస్పైరోసిస్ లాంటి జబ్బుతో హఠాత్తుగా దెబ్బతిన్న కిడ్నీలు కోలుకునేదాకా అది ప్రాణం నిలబెట్టగలదు. లాలీ కిడ్నీలు కోలుకునేవి కావు. దాన్ని అంత దూరం తీసుకెళ్లి గంటల తరబడి యంత్రానికి కట్టేస్తే, ఆ రోజులు నా భయానికి మందు అవుతాయి గానీ దానికి కావు. వద్దనుకున్నాం.

ఇక మిగిలింది తిండి. చికెన్ వాసనకు వంటింటి గుమ్మం దగ్గర కూర్చునే పిల్లకు గుడ్డు తెల్లసొన, అన్నం ఎన్నాళ్లు పెడతాం? డాక్టరుగారిని అడిగితే, ఈసారి రిపోర్టులో ఫాస్ఫరస్ అదుపులోనే ఉంది కాబట్టి, ఆదివారం పూట ఫాస్ఫరస్‌ను ఒంటికి పట్టనివ్వని బైండర్ మందు కలిపి రెండు ముక్కలు పెట్టొచ్చన్నారు.