సోపారా దారిలో మోదుగ పూలు

భివండీలోని పద్మనగర్‌లో తెలుగు వినబడని వీధి ఉండదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల నుంచి తరాల కిందట మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీ కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. మార్కండేయుణ్ణి కులానికి మూలపురుషుడిగా కొలిచే ఈ ఇళ్లలో తామర నారతో దేవతలకు బట్ట నేసిన భావనారుషి కథ తెలియని పిల్లలు అరుదు. పగలూ రాత్రీ సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుస్తూనే ఉంటాయి. పన్నెండు గంటల పనిలో నూలు నూగు గాలిలో ఎగురుతుంది. ఆ మోతకు అలవాటుపడినవాళ్లు ఇంటికొచ్చాక కూడా గొంతు పెంచే మాట్లాడుతారు. అలాంటి ఊళ్లో చైత్రం వచ్చిందని చెప్పేది ఉగాది పచ్చడిలో పడే వేపపువ్వే.

అసలు వసంతం మాత్రం రైలు దూరంలోనే ఉంది. భివండీ రోడ్ స్టేషన్లో వసై వెళ్లే బండి ఎక్కితే ఖార్బావ్, కామన్ రోడ్, జూచంద్ర దాటి వసై వస్తుంది. దారిలో ఒక పక్క తుంగారేశ్వర్ కొండలు. మరో పక్క ఉప్పుమళ్లు, మడచెట్లు, స్థానికులు ఖాడీ అని పిలిచే సముద్రపు పాయ. ఉల్హాస్ నది ఇక్కడే అరేబియా సముద్రాన్ని చేరుతుంది.

వసంతమంటే నేలంతా పూలు పరుచుకుంటాయని అనుకునేవారికి కొంకణ తీరం మొదట నిరాశే మిగులుస్తుంది. ఇక్కడ గడ్డిపూల కాలం వానలతో వచ్చి వానలతోనే పోతుంది. సతారా దగ్గరి కాస్ పీఠభూమి పూలు చూడాలంటే భాద్రపదం దాకా ఆగాలి. ఫాల్గుణానికి కొండల మీద గడ్డి ఎండి పసుపుబారుతుంది. అప్పుడు తల పైకెత్తాలి. ఆకు రాల్చిన మోదుగ కొమ్మ నిండా ఎర్రగా పూసి ఉంటుంది. బూరుగ చెట్టు మీద దొప్పల్లాంటి పూలలో తేనె నిలుస్తుంది. గోరింకలు, తేనెపిట్టలు, కాకులు ఆ చెట్ల మీద ఉదయమంతా సభ తీరుస్తాయి. ఎండలు ముదిరాక రేలచెట్టు పసుపు గుత్తులు వేలాడదీస్తుంది. తెలంగాణ అడవి అంచుల్లో పెరిగిన పెద్దవాళ్లకు ఈ మూడు చెట్లనూ ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు. భివండీలో పుట్టిన మనవలకు మాత్రం వాళ్లే చూపించాలి.

తుంగారేశ్వర్ కొండ మీద శివాలయం ఉంది. స్థలపురాణం పరశురాముడి పేరు చెబుతుంది. ఈ అడవిని 2003లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 85 చదరపు కిలోమీటర్లు. శివరాత్రికీ శ్రావణానికీ జనం పోటెత్తుతారు. చైత్రంలో దారి ఖాళీగా ఉంటుంది. పిట్టల కూత వినాలంటే అదే మంచి సమయం.

కొండ దిగి తీరం వైపు వెళ్తే నాలా సోపారా వస్తుంది. ప్రాచీన గ్రంథాల్లోని శూర్పారకం ఇదే. 1882లో భగవాన్‌లాల్ ఇంద్రజీ ఇక్కడొక దిబ్బ తవ్వించాడు. ఊరివాళ్లు దాన్ని బురుడు రాజు కోట అనేవారు. బురుడులంటే వెదురుతో బుట్టలల్లే మేదర్లు. కోట కింద బౌద్ధ స్తూపం బయటపడింది. మధ్యలో రాతి భరిణె. అందులో ఒకదానిలో ఒకటిగా పెట్టెలు, బంగారు పూలు. మన శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి వెండి నాణెం కూడా ఆ తవ్వకంలోనే దొరికింది.

అంతకన్నా పెద్ద నిధి, అదే ఏడాది సోపారాలో దొరికిన ఒక రాతిముక్క. దాని మీద ఉన్నది అశోకుడి ఎనిమిదో శిలాశాసనంలో కొంత భాగం. దాని సారాంశం ప్రతి యాత్రికుడూ తెలుసుకోదగ్గది. పూర్వం రాజులు విహారయాత్రలకు వెళ్లేవారు, వేటాడేవారు, వినోదించేవారు. పట్టాభిషేకమైన పదేళ్లకు అశోకుడు సంబోధికి, అంటే బుద్ధుడికి జ్ఞానోదయమైన చోటికి, వెళ్లాడు. అప్పటినుంచి విహారయాత్ర స్థానంలో ధర్మయాత్ర మొదలైంది. శ్రమణులనూ బ్రాహ్మణులనూ, వృద్ధులనూ, పల్లె జనాన్నీ కలవడం, దానం చేయడం, ధర్మం గురించి మాట్లాడుకోవడం ఆ యాత్రలో పనులు.

ఇదే శాసనం కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీదా ఉంది. పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలూ ఉన్న చోటు అది. అక్కడి మొదటి శాసనం రాజుగారి వంటశాల సంగతి చెబుతుంది. రోజూ లక్షల జీవాలు తెగే చోట చివరికి రెండు నెమళ్లు, ఒక జింక మిగిలాయనీ, ఇకముందు అవీ ఉండవనీ రాయించాడు. ఆ తర్వాత వేయించిన ఐదో స్తంభశాసనంలో చంపకూడని జీవుల జాబితా ఉంది. చిలుక, గోరింక, చక్రవాకం, హంస అందులోవే. అకారణంగా అడవిని తగలబెట్టకూడదన్న ఆజ్ఞ కూడా అందులోనే ఉంది. ఎండుగడ్డితో నిండిన చైత్రమాసపు కొండ మీద బీడీ ముక్క విసిరే చేతికి ఆ ఆజ్ఞ ఇప్పటికీ వర్తిస్తుంది.

తెలుసుకోవాలని చూసే చూపు ఎంత లోతుకు పోగలదో ఇదే కొంకణ తీరంలో మరో మనిషి చూపించాడు. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ బాల్యంలో పిచ్చుకను కొట్టినవాడే. ఆ పిట్ట ఏమిటో తెలుసుకోవాలన్న కుతూహలమే ఆయన్ను బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ గుమ్మం ఎక్కించింది. 1930లో చేతిలో ఉద్యోగం లేని రోజుల్లో అలీబాగ్ దగ్గరి కిహీంలో గిజిగాళ్ల గూళ్ల ముందు ఓపిగ్గా కూర్చున్నాడు. మగపక్షి గూడు సగం అల్లి ఆపుతుందనీ, ఆడపక్షి వచ్చి చూసి ఒప్పుకున్నాకే మిగతాది పూర్తి చేస్తుందనీ, ఆ తర్వాత మరో గూడు మొదలుపెడుతుందనీ గమనించాడు. మరుసటి ఏడాది ఆ పరిశీలన సొసైటీ పత్రికలో అచ్చయింది. కవి జాషువా పద్యాలల్లిన పక్షి ఇదే. అల్లికపని వానకాలంలో సాగుతుంది కాబట్టి చైత్రంలో కనబడేవి కిందటేడు గూళ్లే. పడుగు, పేక తెలిసిన నేతగాడు వాటి ముందు నిలబడితే మిగతావాళ్లకు కనబడని పనితనం కనబడుతుంది.

ఇలా చూసి నేర్చుకోవడం పాత సంగతే. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత యదురాజుతో తనకు ఇరవైనలుగురు గురువులని చెబుతాడు. వాళ్లలో మనుషులు కొద్దిమందే. తుమ్మెద పువ్వు నలగకుండా కొంచెం కొంచెమే తీసుకుంటుంది. సముద్రం వానకాలపు నదులకు పొంగదు, వేసవిలో తగ్గదు. సాలీడు తనలోంచే పోగు తీసి, తానే మింగేస్తుంది. బాణాలు చేసేవాడు పక్కనుంచి రాజు ఊరేగింపు వెళ్లినా పని మీంచి చూపు తిప్పలేదు. ఈ పాఠశాలకు గోడలు లేవు, రుసుము లేదు. కావలసిందల్లా దృష్టి. ఏ పోగు ఎక్కడ తెగిందో మోత మధ్యలోనే పట్టుకోగల సాంచా కార్మికుడికి ఆ దృష్టి పుష్కలంగా ఉంది. దాన్ని ఒక్క పూట చెట్టు మీదికి తిప్పితే చాలు.

కొండ ఎక్కలేని పెద్దలకు ఠాణే ఖాడీ ఉంది. అక్కడి ఫ్లెమింగో అభయారణ్యాన్ని 2015లో ప్రకటించారు, 2022లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. నవంబరులో వచ్చిన ఫ్లెమింగోలు మే దాకా ఉంటాయి. భివండీ తాలూకాలోనే ఉన్న వజ్రేశ్వరి గుడికి చైత్ర అమావాస్య జాతరకు వెళ్లేవాళ్లు తాన్సా నది గట్టున కాసేపు నడవవచ్చు.

సాంచాలు ఆగే సెలవు రోజున ఇంట్లో అమ్మమ్మనో తాతనో వెంటబెట్టుకుని, తెల్లవారకముందే బయల్దేరండి. నీళ్ల సీసా, తువ్వాలు చాలు. పాటల పెట్టె ఇంట్లోనే ఉంచండి. పూలు కోయొద్దు, అగ్గిపెట్టె తీసుకెళ్లొద్దు, తెచ్చుకున్న ప్లాస్టిక్ తిరిగి తీసుకెళ్లండి. సోపారా స్తూపం దగ్గర పిల్లలను కూర్చోబెట్టి, వేట మాని యాత్రకు బయల్దేరిన రాజు కథ తెలుగులో చెప్పండి.