కుక్క వాటా నీళ్ళు

మహాప్రస్థానానికి బయల్దేరిన పాండవుల వెంట ఒక కుక్క నడిచింది. ఈ సంగతి మనందరికీ తెలుసు. అది దారిలో ఏం తిన్నదో, ఎక్కడ నీళ్ళు తాగిందో మాత్రం ఆ కథలో ఉండదు. పాండవులూ ద్రౌపదీ ఉపవాసంతో బయల్దేరారని వ్యాసభారతం చెబుతుంది. అంటే ఆ ఆకలి వాళ్ళు కోరి తెచ్చుకున్నది. కుక్క ఏ దీక్షా పట్టలేదు. ఎవరూ రమ్మనకపోయినా వెంటబడి వచ్చింది. చివర్లో ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కని వదిలేసి ఎక్కమంటే ధర్మరాజు ఒప్పుకోడు. అప్పుడా కుక్క సాక్షాత్తూ ధర్మదేవత అని తేలుతుంది. కథ సుఖాంతం.

అది మామూలు కుక్కే అయివుంటే? రథం దగ్గర వదిలెయ్యకపోవడం ఒక్కటే సరిపోయేదా? అంత దూరం నడిచిన కుక్క దాహం ఆ పరీక్షలో ప్రశ్నగా రాలేదు. కుక్కని వదలకపోవడం ఒక ధర్మం, దానికోసం నీళ్ళు మొయ్యడం ఇంకో ధర్మం. మొదటిదానికి మనకి గొప్ప కథ ఉంది. రెండోదాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, బహుశా అది మరీ చిల్లర విషయంలా కనిపిస్తుంది కాబట్టి. నాకు మాత్రం అసలు విషయం అక్కడే ఉందనిపిస్తుంది.

శ్రీనగర్ కాలనీలో పొద్దున్నే నడిస్తే, సినిమా ఆఫీసుల బోర్డుల కింద, టిఫిన్ బండ్ల పక్కన, లాబ్రడార్లూ బీగిల్‌లూ షిట్జూలూ గొలుసులు లాక్కుంటూ పోతుంటాయి. గొలుసు రెండో చివర యజమాని ఉంటాడు, లేదా నెలజీతానికి కుక్కని తిప్పే మనిషి. వానలు మొదలయ్యాక శని ఆదివారాల్లో వీటిలో కొన్ని కారెక్కుతాయి. ఎక్కువగా వికారాబాద్ వైపు, అనంతగిరి కొండలకి. డెబ్బై ఎనభై కిలోమీటర్ల దూరం. టెంటు, మడత కుర్చీలు, బ్లూటూత్ స్పీకరు, మసాలా పట్టించిన చికెన్ అన్నీ గుర్తుంటాయి. కుక్కని ఎందుకు తీసుకెళ్తున్నారంటే, "పాపం, ఇంట్లో ఒక్కతే ఉంటే బోర్ కదా" అంటారు.

ఆ మాట నిజమే కావచ్చు. కానీ ప్రయాణం కావాలన్నది ఎవరు? 2022లో వచ్చిన '777 చార్లీ' సినిమాలో ఒక మనిషి జబ్బుపడిన తన కుక్కకి మంచు చూపించడానికి హిమాలయాల దాకా తీసుకెళ్తాడు. భారతంలో కుక్క మనిషి వెంట హిమాలయాలకి పోయింది, ఈ సినిమాలో మనిషే కుక్క కోసం పోయాడు. చూసి మనమంతా ఏడ్చాం. మన వీకెండ్ ట్రిప్పులు ఆ రెండిటిలో దేనికీ చెందవు. మనకి వెళ్ళాలనిపించింది, కుక్క మన వెంట వస్తోంది. అందులో తప్పేం లేదు. అయితే ఆ క్షణం నుంచి దాని ఆకలిదప్పులు మన నిర్ణయంలో భాగమైపోతాయి. ఇంట్లో అయితే దానికి గిన్నె ఎక్కడుందో తెలుసు, నీళ్ళు అయిపోతే గిన్నెని మూతితో తోసి మనకి చెప్పడం తెలుసు. కొండ మీద ఆ తెలివేదీ పనికిరాదు.

లెక్క చూద్దాం. కుక్కకి రోజుకి, కిలో శరీర బరువుకి సుమారు 50 నుంచి 60 మిల్లీలీటర్ల నీళ్ళు కావాలి. ముప్ఫై కిలోల లాబ్రడార్‌కి ఇంట్లో పడుకుంటేనే లీటరున్నర దాటుతుంది. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూ ఒళ్ళు చల్లబరుచుకుంటుంది, ఆ రొప్పులోనే నీళ్ళు పోతాయి. కొండెక్కి దిగే రోజున లెక్క రెట్టింపు అనుకోవడం మంచిది. రెండు రోజులకి ఆరు లీటర్లు, అంటే ఆరు కిలోల బరువు. కుక్క మీద ప్రేమ ఎంతని ఎవరైనా అడిగితే, భుజం మీద వేసుకుని చూడదగ్గ బరువు ఇది.

వాగులో నీళ్ళున్నాయి కదా అనొచ్చు. వానాకాలం నిలవనీళ్ళలో ఎలుకల, పశువుల మూత్రం కలిసి లెప్టోస్పైరోసిస్ వస్తుంది. కుక్క నుంచి అది మనకీ రావచ్చు. తిండి సంగతీ ఇంతే. దారిలో ఏదో ఒకటి పెడదామంటే, అలవాటు లేని తిండికి కడుపు చెడి విరేచనాలు పట్టుకుంటాయి, మోసుకెళ్ళిన నీళ్ళు చాలవు. బిర్యానీలో ఉల్లిపాయ కుక్కకి విషం. ఉడికిన చికెన్ ఎముకలు చీలికలై పేగుల్లో గుచ్చుకుంటాయి. పెరుగన్నం ఎండలో పులిసిపోతుంది. గింజల తిండికి తేమ తగిలితే బూజు పడుతుంది, అందుకే గాలి చొరబడని డబ్బా. పూటకో పొట్లం కట్టి, ఒక పూట అదనంగా పెట్టుకోవాలి, టైరు పంచరైతేనో వాగు పొంగితేనో ఆదుకోడానికి.

చట్టం కూడా ఈ విషయంలో ఒక మాట అంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, సెక్షన్ 11 ప్రకారం, యజమాని అయివుండి జంతువుకి చాలినంత తిండీ నీళ్ళూ గూడూ ఇవ్వకపోతే నేరం. మొదటిసారి జరిమానా పది రూపాయల నుంచి యాభై దాకా. యాభై రూపాయలకి ఇప్పుడు రెండు నీళ్ళ సీసాలొస్తాయి, అంతే. మా కాలనీ పక్కనే ఉన్న సినిమావాళ్ళకి నియమాలు ఇంకాస్త గట్టివి. షూటింగులో కుక్కని వాడాలంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి కావాలి, 2001 నాటి ప్రదర్శన జంతువుల నమోదు నియమాలు పాటించాలి. కొండ అంచున కుక్కని కూర్చోబెట్టి మనం తీసే రీలుకి ఏ బోర్డూ లేదు. అక్కడ మనమే నిర్మాత, మనమే దర్శకుడు, సర్టిఫికెట్ ఇచ్చుకునేదీ మనమే.

ఇంతవరకూ సులువు. మన కుక్క, మన నీళ్ళు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, అక్కడ వేరే కుక్కలు కూడా ఉంటాయి.

పోయినేడు కోట్‌పల్లి వైపు వెళ్ళినప్పుడు, మిత్రుడొకడు మడత గిన్నెలో సీసా నీళ్ళు పోసి తన కుక్కకి పెడుతున్నాడు. మేకలు తోలుకుపోతున్న పెద్దాయన ఒకాయన ఆగి చూశాడు. "సీసా నీళ్ళే తాగుతదా సారూ? మాది వాగుల తాగుతది" అన్నాడు, ఎగతాళిగా కాదు, వివరం కనుక్కుంటున్నట్టు. ఆయన కుక్క కాస్త దూరంలో కూర్చుని మా గిన్నె వైపే చూస్తోంది. మిత్రుడు దానికీ గుప్పెడు గింజలు వెయ్యబోయాడు. "ఒద్దు సారూ" అన్నాడాయన. "రేపు మీరు వోతరు. ఇది ఎల్లుండి గూడ ఈడికే వొచ్చి కూసుంటది."

పెట్టకపోతే కఠినం, పెడితే బాధ్యత లేనితనం. రెండిటి మధ్యా ఏం చెయ్యాలి?

కెనడాకి చెందిన తాత్వికులు స్యూ డొనాల్డ్‌సన్, విల్ కిమ్లికా 2011లో రాసిన 'జూపోలిస్' అనే పుస్తకంలో, జంతువులన్నిటికీ మనం ఒకే రకంగా బాకీపడలేదంటారు. పెంపుడు జంతువులు మనతో కలిసి బతికే పౌరులు, కాబట్టి వాటి పోషణ మన బాధ్యత. అడవి జంతువులు వాటి రాజ్యంలో అవి సర్వస్వతంత్రులు, వాటి జోలికి పోకపోవడమే మర్యాద. ఈ రెండిటికీ మధ్య, మన పక్కనే బతుకుతూ మన పెంపకంలో లేనివి కొన్ని. ఒక్క క్యాంపింగ్ రాత్రిలో ఈ మూడూ మన టెంటు చుట్టూ ఉంటాయి. మన కుక్క టెంటులో, ఊరి కుక్క గట్టు మీద, అడవిపందీ కోతీ చీకట్లో.

పుస్తకంలో గీతలు గీసినంత తేలిగ్గా నేల మీద గీయలేం. ఊరి కుక్కకి నిజానికి యజమాని ఉన్నాడు, ఒక పని ఉంది, దాని తిండికి ఒక క్రమం ఉంది. వారానికో కొత్త గుంపు వచ్చి తలా గుప్పెడు వేసిపోతే ఆ క్రమం చెడుతుంది. బిస్కెట్ల కోసం కారు వెంట పరిగెత్తడం నేర్చిన కుక్క, రేపు బిస్కెట్ లేని పిల్లవాడి వెంట పరిగెత్తదని హామీ ఏమిటి? 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లవాడు వీధికుక్కల దాడిలో చనిపోయాక ఈ నగరంలో ఎవరూ ఈ ప్రశ్నని తేలిగ్గా తీసుకోలేరు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, వీధికుక్కలకి ఎక్కడపడితే అక్కడ కాకుండా మున్సిపాలిటీలు కేటాయించిన చోట్లే తిండి పెట్టాలంది. మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపుల్లో దాని మీద జరిగిన గొడవ ఇంతా అంతా కాదు. కానీ ఆ ఉత్తర్వు వెనకున్న ఆలోచన మేకల పెద్దాయన మాటకి దగ్గరిదే. తిండి పెట్టడమంటే రేపటి గురించి ఒక మాట ఇవ్వడం. రేపు ఉండనివాడు ఆ మాట ఇవ్వకూడదు.

అడవి జంతువుల విషయంలో ఇది ఇంకా కచ్చితం. 2018లో గిర్ అడవుల్లో 20కి పైగా సింహాలు చనిపోతే, వాటిలో కొన్నిటికి కెనైన్ డిస్టెంపర్ వైరస్ సోకినట్టు తేలింది. కుక్కల్లో మామూలుగా కనిపించే జబ్బది. జాతీయ పార్కుల్లోకి, మన జూబ్లీహిల్స్ కేబీఆర్ పార్కుతో సహా, పెంపుడు కుక్కల్ని రానివ్వకపోవడం మన మీద కోపంతో కాదు. టీకాలు వేయించడం, మిగిలిన తిండి మూటగట్టి వెనక్కి తేవడం కూడా కుక్క నీళ్ళు మోసినంత పనే.

మరి గట్టు మీద కూర్చున్న కుక్క? దాన్ని అదిలించాలా? ఇక్కడ నాకు భారతంలోని ఇంకో కుక్క గుర్తొస్తుంది. నన్నయ ఆదిపర్వంలో కథ మొదట్లోనే సరమ అనే దేవతల కుక్క ఉంది. దాని పిల్ల యజ్ఞశాల దగ్గరికి వెళ్తే జనమేజయుడి తమ్ములు కొడతారు. తను హవిస్సు వైపు చూడలేదు, నాకలేదు అని ఆ పిల్ల తల్లికి చెప్పుకుంటుంది వ్యాసుడిలో. అకారణంగా కొట్టినవాళ్ళకి ఊహించని భయం వస్తుందని సరమ శపిస్తుంది. మన భారతం చివర్లో వెంట నడిచిన కుక్క ఉన్నట్టే, మొదట్లో తిండి దగ్గరికి వచ్చి దెబ్బలు తిన్న కుక్క ఉంది. మనం రెండోదాన్ని మాత్రమే గుర్తుపెట్టుకున్నాం, మొదటిది మరిచిపోయాం.

మన పాత ఇళ్ళలో దీనికో జవాబు వేలాడుతుండేది. ఉట్టి. పాలూ పెరుగూ వెన్నా అందులో ఉండేవి. పిల్లిని కొట్టడం కన్నా కుండని పైకి కట్టడం మంచిదని ఎవరో ఎప్పుడో గ్రహించారు. చీమల కోసం నీళ్ళ పళ్ళెంలో గిన్నె పెట్టడమూ అంతే, చీమ చావదు, అన్నం చెడదు. దాచుకోవడం అంటే పిసినారితనం అనుకుంటాం గానీ, ఇది మర్యాద. ఎదుటి ప్రాణికి ఆశ పెట్టి, ఆశపడిందని కొట్టకుండా ఉండే మర్యాద. క్యాంపులో కుక్కతిండి డబ్బా మూత బిగించి కార్లో పెట్టడం, తిన్న గిన్నె వెంటనే కడగడం, టెంటులో తిండి ఉంచకపోవడం ఇవన్నీ ఉట్టి పనులు. తెరిచిన సంచి పక్కన కర్ర పట్టుకుని కూర్చునేవాడు జనమేజయుడి తమ్ముడు.

నీళ్ళకి మాత్రం నేను వేరే నియమం పెట్టుకుంటాను. తిండి రేపటికి ఆశ పెడుతుంది, నీళ్ళు ఈ పూట దాహం తీరుస్తాయి. ఎండలో రొప్పుతున్న ఊరి కుక్కకి విడిగా ఒక ఆకుదొప్పలో నీళ్ళు పోస్తే ఏ క్రమమూ చెడదు. అందుకని ఆరు లీటర్లు కాదు, ఎనిమిది. అవి ఇంటి నుంచి మోసుకెళ్ళినవే కావాలి. వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే ఊళ్ళో, మన కుక్క కోసం బోరింగు దగ్గర క్యాన్ నింపుకోకూడదు. అనంతగిరి మూసీ పుట్టినచోటు. ఆ మూసీ మన నగరానికొచ్చేసరికి మనం ఏం చేశామో తెలుసు కాబట్టి, దాని పుట్టింటికి సీసా నీళ్ళు మోసుకెళ్ళాల్సిరావడం గురించి ఫిర్యాదు చెయ్యకపోవడం మంచిది.

చివరిగా, అందరూ అనే మాట. మనుషులకే దిక్కులేదు, కుక్కకి ఇంత లెక్కలా? ఈ మాట అనేవాళ్ళు చాలాసార్లు మనుషులకీ లెక్క కట్టరు. అయినా ప్రశ్న ప్రశ్నే. కుక్కకి గ్రాముల్లో కొలిచి పెట్టే అదే ట్రిప్పులో, రాత్రి కార్లో ముడుచుకు పడుకునే డ్రైవర్‌కి ఏం తెచ్చాం? "ఏదో ఒకటి తింటాడులే." కాలనీలో రోజూ కుక్కని తిప్పే మనిషికి మంచినీళ్ళు ఏ గ్లాసులో ఇస్తున్నాం? కుక్క గిన్నె వంటింట్లో, ఆవిడ గ్లాసు విడిగా బాల్కనీలో ఉన్న ఇళ్ళు లేవా? ఇక్కడ కుక్క వాటా తగ్గించి మనిషికి పెట్టాల్సిన అవసరం లేదు. కుక్క విషయంలో నేర్చుకున్న శ్రద్ధని అక్కడే ఆపెయ్యకుండా ఉంటే చాలు. "ఏదో ఒకటి తింటుందిలే" అనే మాట కుక్క గురించి తప్పని తెలిసినవాడికి, అది మనిషి గురించి ఎంత తప్పో తెలియడానికి ఇంకో అడుగే ఉంది.

ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని మనకో సామెత. ధర్మరాజులా స్వర్గద్వారం దగ్గర నిలబడి కుక్క కోసం వాదించే అవకాశం మనకెవరికీ రాదు. మనకొచ్చేది శుక్రవారం రాత్రి, సంచి సర్దుకునే వేళ. అన్నీ మొయ్యగలిగితే తీసుకెళ్ళడం, మొయ్యలేకపోతే నమ్మకమైన మనిషి దగ్గర వదిలి వెళ్ళడం. రెండోది చేసినవాడికి కుక్క మీద ప్రేమ తక్కువని నేననుకోను.