చేయని కర్మకు ఫలము

‘చేసుకొన్నవారికి చేసుకొన్నంత మహాదేవా’ యని పొలముగట్టున నిలిచిన రైతు మొదలు భాష్యములు చదివిన పండితునివరకు తెలుగువారందరును ఒక్క విశ్వాసముతోనే పలుకుచుందురు. లోకమునందు న్యాయమున్నదనియు, అది ఆలస్యమైనను తప్పిపోదనియు, విత్తినవాడే కోయుననియు వారి నమ్మిక. దీనినే మన దార్శనికులు తర్కభాషలో మరింత కఠినముగా చెప్పిరి. ఏ సిద్ధాంతము నంగీకరించినచో చేసినవానికి ఫలము చెందక నశించునో, చేయనివానిపై ఆ ఫలము వచ్చి పడునో, ఆ సిద్ధాంతము దుష్టమని వారు నిర్ణయించిరి. మొదటి దోషమునకు కృతనాశమనియు, రెండవదానికి అకృతాభ్యాగమమనియు పేరిడి, స్థిరమైన ఆత్మ లేదన్న ప్రతివాదులపై ఈ రెండింటినే ప్రధానాయుధములుగా ప్రయోగించిరి. ఈ రెండును సంభవించు లోకము ధర్మమునకు నెలవు కాజాలదని వారి హృదయము.

అయితే ఈ దోషములు వాదగ్రంథములయందే గాక మన కన్నులయెదుటనే సంభవించుచున్నచో ఏమి చెప్పవలెను? కర్మాగారమువలన లాభము పొందువాడొకడును, దాని విషశేషమును త్రాగువాడు వేరొకడును అగునప్పుడు, కర్మసిద్ధాంతమును నమ్మినవాడు ఆ సిద్ధాంతము విఫలమైనదని ఒప్పుకొనవలెనా? లేక త్రాగినవాడే ఎన్నడో ఏదో పాపము చేసియుండునని తలయూపి ఊరకుండవలెనా? ప్రమాదకరమైన పారిశ్రామిక వ్యర్థముల విషయము రసాయనశాస్త్రజ్ఞులకును ప్రభుత్వాధికారులకును మాత్రమే చెందినదని తలచుట తగదు. అది ధర్మమునుగూర్చిన ప్రశ్న. అందును మన ధర్మవిచారమునకు మూలస్తంభమైన దానినే పరీక్షకు నిలుపు ప్రశ్న.

రాజస్థానమున ఉదయపురమునకు సమీపమున బిఛ్రీ యను గ్రామము కలదు. 1980 దశకము చివర అచ్చట వెలసిన రసాయన పరిశ్రమలలో హెచ్-ఆసిడ్ అను పదార్థమును తయారుచేయసాగిరి. అద్దకపు రంగుల తయారీకి ఇది మూలద్రవ్యము. బిఛ్రీలో చేసినది కేవలము ఎగుమతికొరకే. పాశ్చాత్యదేశములు దీని తయారీని తమ గడ్డపై నిషేధించినట్లును, దీని అవసరము మాత్రము వారికి తీరనట్లును సర్వోన్నత న్యాయస్థానము తరువాత తన తీర్పులో చెప్పెను. ఆ పరిశ్రమ తయారుచేసిన సరకు మొత్తము 375 టన్నులు; దానితోపాటు పుట్టిన మడ్డి సుమారు 2,440 టన్నులు, విషజలము 8,250 ఘనమీటర్లు. అనగా ఓడకెక్కిన ప్రతి టన్నునకును ఆరు టన్నులకు పైగా మడ్డి బిఛ్రీ నేలపైనే మిగిలినది.

ఇనుమును జిప్సమును కలిసిన ఆ మడ్డిని ఆరుబయటనే కుప్పలు పోసిరి. వాన కురిసినప్పుడెల్ల ఆ కుప్పలనుండి రంగునీరు కారి, నేలలోనికి ఇంకి, బావుల ఊటలను చేరెను. చేదవేసి తోడిన నీరు నల్లబారి, మనుష్యులు త్రాగుటకును, పశువులకు పెట్టుటకును, మడులకు పారించుటకును పనికిరాకపోయెను. దూరదేశములలో ఎవరి వస్త్రములకో అందము కూర్చవలసిన రంగు, ఇచ్చట రైతు ముంగిటిబావికి పట్టినది. గ్రామస్థులు తిరుగబడిరి, కలెక్టరు 144వ సెక్షను విధింపవలసివచ్చెను, 1989 జనవరిలో ఆ కర్మాగారము మూతబడెను. కర్మాగారము మూతబడినది గాని దాని కర్మ మూతబడలేదు. మడ్డిని భద్రముగ నిలువచేయుడని న్యాయస్థానము ఆజ్ఞాపించిన పిమ్మట గోతులలో పూడ్చినది 720 టన్నులు మాత్రమే. మిగిలినదానిలో ఎంతయో భాగమును నేలపై వెదజల్లి మట్టి కప్పిరి. కొద్దికాలమే నడచిన పరిశ్రమ ఒక తరముయొక్క నీటిని అపహరించెను. ఇచ్చట ఫలము పొందినవాడు కర్త కాడు. కర్తకు ఫలము తగులలేదు. శాస్త్రకారులు అసంభవమని త్రోసివేసిన రెండు దోషములును ఒక్క బావిలోనే కలిసి యున్నవి.

దీనికి మనలో కొందరు సులభముగ చెప్పు సమాధానమొకటి కలదు. అది ఆ గ్రామస్థుల ప్రారబ్ధమనియు, పూర్వజన్మమున వారు చేసినదే నేడు నీటిరూపమున వచ్చినదనియు, పరిశ్రమాధిపతి నిమిత్తమాత్రుడనియు వారందురు. ఇది భక్తివలె కనిపించుచున్నను, నా మనస్సునకు ఘోరమైన నాస్తికతగనే తోచుచున్నది. ప్రారబ్ధమను మాటను మన పెద్దలు తమకు వచ్చిన కష్టమును ధైర్యముతో ఓర్చుకొనుటకు వాడిరే గాని, తాము ఇతరులకు పెట్టిన కష్టమును సమర్థించుకొనుటకు ఎన్నడును వాడలేదు. సొమ్ము పోగొట్టుకొన్నవానిది ప్రారబ్ధమే కావచ్చును; అంతమాత్రమున దొంగ రాజసభలో నిలిచి ‘అది అతని ప్రారబ్ధము, నేను నిమిత్తుడను’ అని విడుదల కోరజాలడు. దొంగసొత్తును రాజు రాబట్టి సొత్తుగలవాని కీయవలెననియు, రాబట్టలేకపోయినచో తన కోశమునుండి చెల్లింపవలెననియు గౌతమ ధర్మసూత్రము శాసించుచున్నది. కర్మసిద్ధాంతమును మనకంటె గాఢముగ నమ్మిన కాలమువారే ఇట్టి శాసనము చేసిరన్న సంగతి గమనింపదగినది. ఫలము దానంతటదియే కర్తను చేరునని వారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు, చేర్చుట రాజధర్మమనిరి.

మరియొక వాదము కలదు. పరిశ్రమలవారు ఎవ్వరికిని కీడు తలపెట్టలేదనియు, సరకు తయారుచేయుటయే వారి సంకల్పమనియు, సంకల్పము లేనిచోట పాపమేమియని వాదింతురు. దీనికి సమాధానము కొరకు మనము దూరము పోనక్కరలేదు; మన వంటయింటిలోనికే పోవచ్చును. గృహస్థుని యింట ఐదు వధ్యస్థానములు కలవని స్మృతికారులు చెప్పిరి: పొయ్యి, తిరగలి, చీపురు, రోకలితో కూడిన రోలు, నీళ్లకడవ. పొయ్యిలోని పుల్లను అంటిపెట్టుకొన్న పురుగు, తిరగలి రాళ్లనడుమ చిక్కిన చీమ, చీపురు క్రింద నలిగిన సాలీడు, రోటి అంచున ప్రాకుచు రోకటిపోటునకు గురియైన క్రిమి, కడవ దింపినచోట అణగిన ప్రాణి, వీనిలో దేనిని చంపవలెననియు ఆ యిల్లాలు తలచలేదు. ఆమె తలచినది పిల్లలకు ఇంత అన్నము వండవలెనని మాత్రమే. అయినను ఆ హింస ఆ యింటి లెక్కలోనిదే యని శాస్త్రము నిర్ణయించి, దానికి నిష్కృతిగా దేవతలకు, ఋషులకు, పితరులకు, భూతములకు, అతిథులకు చెందవలసిన పంచమహాయజ్ఞములను ప్రతిదినమును చేయుమని విధించెను.

ఇందలి వివేకము అపారమైనది. జీవించుట, తయారుచేయుట, వండుట అను పనులలో సంకల్పింపని హాని తప్పక యుండుననియు, ఆ హాని చేసినవానిని ఋణస్థుని చేయుననియు, ఆ ఋణము ఎప్పుడో కాక ఏనాటికానాడు తీర్పవలసినదనియు ఇందులో స్పష్టమగుచున్నది. గుప్పెడు బియ్యము దంచిన రోటికి ఇంత ఋణమున్నప్పుడు, వేలటన్నుల మడ్డిని కక్కు కర్మాగారమునకు ఎంత ఋణముండవలెను? నీటిలో మలమూత్రములను గాని, నెత్తురును గాని, విషములను గాని విడువరాదని మనుస్మృతి నాల్గవ యధ్యాయమున కంఠోక్తిగా నిషేధింపబడియున్నది. ఉదయమున అభిషేకము చేయించి, మధ్యాహ్నమున వాగులోనికి గొట్టమును విప్పించువాడు ఏ ధర్మమును ఆచరించుచున్నట్లు? వాని అభిషేకమునకు తెచ్చిన నీరును ఏదో ఒక వాగునుండియే గదా వచ్చినది!

ఆధునిక న్యాయశాస్త్రము వేరొక మార్గమున నడచి ఈ స్థానమునకే చేరినది. 1985 డిసెంబరులో ఢిల్లీలో ఓలియం వాయువు వెలువడిన ప్రమాదమును విచారించి, 1986 డిసెంబరులో ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి అధ్యక్షత వహించిన ధర్మాసనము, ప్రమాదకరమైన పనినుండి లాభము పొందువాడు ఎంత జాగ్రత్తపడినను, కీడు జరిగినచో దానికి సంపూర్ణముగ బాధ్యుడే యనియు, ఆంగ్లన్యాయమునందలి పాత మినహాయింపు లేవియు అతనికి చెల్లవనియు నిర్ణయించెను. ఈ సూత్రమునే ఆధారముగ గొని, బిఛ్రీ వ్యాజ్యమున 1996 ఫిబ్రవరిలో తీర్పు వ్రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. కాలుష్యము చేసినవాడే బాధితులకు పరిహారమిచ్చుటయే గాక, చెడిన నేలను నీటిని బాగుచేయు వ్యయమునుకూడ భరింపవలెనని ఆ తీర్పు స్థిరపరచెను. కృతము నశింపరాదు, అకృతము పైబడరాదు అని దార్శనికులు కోరినదానికి ఇది ధర్మపీఠమునుండి వెలువడిన భాష్యమని నేను భావించుచున్నాను.

అయితే భాష్యము వెలువడినంత వేగముగ ఫలము చేరలేదు. ప్రతివాదులు దరఖాస్తులపై దరఖాస్తులు పెట్టుచు పదునైదేండ్లు గడపిరి. 2011 జూలైలో అదే న్యాయస్థానము 37.385 కోట్ల రూపాయలను, 1997 నుండి నూటికి పండ్రెండు వంతున చక్రవడ్డీతో చెల్లింపుడని ఆజ్ఞాపింపవలసివచ్చెను. ఆలస్యమువలన లాభము పొందుటయు ఒక విధమైన అపహరణమే యని ఆ చక్రవడ్డీకి అర్థము. బావిలోని విషమునకు విరామము లేనప్పుడు ఋణమునకు మాత్రము విరామమెట్లుండును?

ఇక వ్యర్థమును ‘పారవేయుట’ యను వ్యవహారమును తత్త్వదృష్టితో పరిశీలింతము. ఉన్నది లేకపోదనియు, దానికి రూపాంతరమే గాని నాశము లేదనియు సాంఖ్యులు చెప్పిరి. పదార్థవిషయమున రసాయనశాస్త్రమును ఇంచుమించుగ ఇట్లే చెప్పుచున్నది. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి వేలమంది ప్రాణములను బలిగొన్న భోపాల్ కర్మాగారమునందు మిగిలిపోయిన విషవ్యర్థములు నలుబది సంవత్సరములు అచ్చటనే పడియుండెను. 2025 జనవరి ప్రారంభమున సుమారు 337 టన్నులను పండ్రెండు వాహనములలోనికెక్కించి, రెండువందల యేబది కిలోమీటర్ల దూరముననున్న పీథంపూరునకు తరలించిరి. పీథంపూరు ప్రజలు దానిని వలదని వీథులకెక్కిరి. ఆ కర్మాగారపు లాభములో వారికి కాసు పాలు లేదు. ఆ రాత్రి చేసిన పాపములో వారికి పాత్ర లేదు. జూన్ చివరకు వ్యర్థమునంతయు కాల్చివేసిరి. కాని సున్నము మొదలగునవి కలియుటచే బూడిద మునుపటి తూకమును మించి మిగిలినది, దానిని పాతిపెట్టు చోటునుగూర్చి మరల చింత మొదలయ్యెను. కాల్చుట యనవసరమని నా అభిప్రాయము గాదు. శాస్త్రీయముగ కాల్చుట పడవేసి మరచుటకంటె ఉత్తమము. కాని ‘పారవేయుట’ యనగా ఒకరి ముంగిలినుండి వేరొకరి ముంగిలికి చేర్చుటయే యను సత్యమును మనము మరువరాదు. శివుడు హాలాహలమును లోకరక్షణకై స్వేచ్ఛతో గ్రహించెను. బలహీనుల ఊరిపై బలవంతముగ దింపిన విషమును త్యాగమని కీర్తించుట శివనింద యగును.

చివరకు మనవంతు మాట మిగిలినది. హైదరాబాదునకు చేరువనున్న పటాన్‌చెరువు ప్రాంతమున పరిశ్రమల మురుగు నక్కవాగులోనికిని, అచ్చటినుండి మంజీరలోనికిని పారిన కథ తెలుగువారెరిగినదే. 1990లోనే అది సర్వోన్నత న్యాయస్థానము మెట్లెక్కినది. ఆ ప్రాంతమున సుమారు 90 ఔషధ కర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షించిన స్వీడిష్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించినదేమనగా, అందు సిప్రోఫ్లాక్సాసిన్ అను ఔషధము లీటరునకు 31 మిల్లీగ్రాములవరకు కలదని. ఆ మందు పుచ్చుకొన్న రోగి నెత్తుటిలోసైతము అంత గాఢత యుండదు. ఇట్టి నీటిలో బ్రదుకు నేర్చిన సూక్ష్మజీవి రేపు ఆ మందునకు లొంగదు. ఆ మాత్రను మ్రింగి కోలుకొన్నవారిలో మనమున్నాము, మన పిల్లలున్నారు, దేశాంతరములవారున్నారు. చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, ఆమోదించినవాడు నలుగురును పాపమున భాగస్థులే యని మన పెద్దలు చెప్పుచుందురు. కావున చవకగ దొరికిన మాత్రను, చవకగ దొరికిన రంగుచీరను కొన్న మనము కేవలము ప్రేక్షకులము గాము. కాని అందరికిని భాగమున్నదని చెప్పి ఎవ్వరికిని బాధ్యత లేదనుట కుతర్కము. ఎక్కువ లాభము పొందినవానిది ఎక్కువ భాగము, తెలిసియు ఉపేక్షించిన అధికారిది ఆ పిమ్మటి భాగము, ధర నొక్కటియే చూచి కొన్నవానిది తక్కిన భాగము.

కర్మసిద్ధాంతము లోకమెట్లున్నదో చెప్పు వర్ణనము మాత్రమే గాదు. లోకము నెట్లు నిలుపుకొనవలెనో చెప్పు ఆజ్ఞ. చేయనివానిపై ఫలము పడుచున్న ప్రతిచోటను ఆ సిద్ధాంతమునకు మనచేతనే భంగము కలుగుచున్నది; దానిని సరిదిద్దుట మనచేతనే జరుగవలెను. సరకుతోపాటు దాని మడ్డిని శుద్ధిచేయు వ్యయమును ధరలో చేర్చనివ్వక బేరమాడుట మానుదము. వాగులోనికి గొట్టము విప్పినవానిని దేవాలయమున ధర్మకర్తగ గౌరవింపక ముందు, ఆ వాగునీరు త్రాగుమని అడుగుదము. నీరు చెడిన గ్రామస్థుడు న్యాయస్థానమునకు పోవునపుడు ‘నీ ప్రారబ్ధమింతే’ యని వానిని వెనుకకు లాగక, వానివెంట నడుతము. ఇంకను పుట్టని శిశువు ఏ వాదమున కేమి సమాధానము చెప్పగలదు? దానికి అందవలసిన నీటిని దానికి అందజేయువాడే కర్మసిద్ధాంతమును నమ్మినవాడు. తక్కినవారు దానిని ఉచ్చరించువారు మాత్రమే.