ఫోటోకు న్యాయమైన వెల ఏది?



మొన్న ఆదివారం పూజానంతరం మన విచారణ ఫోటోగ్రాఫరు ఒకడు నా దగ్గరకు వచ్చాడు. "ఫాదర్, ఎండాకాలంలో ఒక పెండ్లికి ఫోటోలు తీసినాను. సగం దుడ్లే ఇచ్చినారు. చెనిక్కాయలు అమ్మినాక మిగతాది ఇస్తామన్నారు. వాన లేదు, పంట పోయింది. ఇప్పుడు అడగల్లా, వద్దా?" అన్నాడు.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే మన అనంతపురం మెట్టలో అందరి బాకీలూ వేరుశనగ మీదే ఆధారపడతాయి. కాని కరువు రైతు ఇంటికి మాత్రమే రాదు. ఫోటోగ్రాఫరు ఇంటికీ వస్తుంది.

"మీట నొక్కడానికి ఇంత డబ్బా?" అంటాం. కెమెరా అరుగుదల, పెట్రోలు, ఆల్బం ముద్రణ, ఫోటోలు ఏరుతూ మేలుకొన్న రాత్రులు మనకు కనిపించవు. కొనేవాని అక్కరను చూసి వెల పెంచరాదనీ, అమ్మేవాడు తనకు కలిగే నష్టాన్ని వెలలో చేర్చుకోవచ్చుననీ 13వ శతాబ్దంలోనే పునీత తోమాసు అక్వినాసు బోధించారు. ముహూర్తం దగ్గరపడిందని రేటు రెట్టింపు చేయడం ఎంత తప్పో, అతని ఖర్చులు కూడా రాకుండా బేరమాడటం అంతే తప్పు. ఇద్దరూ ఒప్పుకొన్న కూలి అయినా పనివాని పొదుపైన బ్రతుకుకు చాలకపోతే అది న్యాయం కాదని 1891లో 13వ లియో పోపుగారు తమ విశ్వలేఖలో తెలిపారు.

కనుక ఫోటోగ్రాఫర్లారా, మాటతో సరిపెట్టకండి. ఎన్ని రోజుల పని, ఎన్ని ఫోటోలు, ఆల్బం ఖర్చు, అడ్వాన్సు, బాకీ, గడువు తేదీ కాగితంపై రాసి ఇవ్వండి. వేరే ఒప్పందం లేకుంటే, డబ్బిచ్చి తీయించుకొన్న ఫోటోపై కాపీరైటు తీయించుకొన్నవారిదేనని 1957 నాటి చట్టం చెబుతోంది. అదీ ముందే తేల్చుకోండి. బిల్లు అపనమ్మకానికి గుర్తు కాదు. రేపటి తగవుకు అడ్డుకట్ట.

మరి దయ మాటేమిటి? సువార్తలోని ద్రాక్షతోట యజమాని తన సొమ్ముతోనే ఉదారత చూపాడు. మనమో, పరుల కష్టంతో ఉదారులం కాజూస్తాం. నేనూ ఎన్నో ఏండ్లు పండుగ ఫోటోలు "దేవుని పని" అంటూ ఉచితంగా తీయించుకొన్నాను. అది అతని కానుక కాదు, నా మొగమాటపు వసూలు.

ఆ యువకునితో ఇలా అన్నాను: "అడుగు నాయనా, అది నీ హక్కు. గడువు పెంచు, వాయిదాలు కట్టు. మాఫీ చేస్తే నీ మనసుతో చెయ్యి."

ఆ పెండ్లివారు కూడా ఈ పత్రిక చదువుతారు. పూర్తిగా ఇవ్వలేకపోయినా, అతడు గడప తొక్కకముందే మీరే వెళ్లి ఒక మాట చెప్పండి. మొహం చాటేయడం కరువు చేసిన తప్పు కాదు, మనం చేసేది.