లైన్‌లో ఉన్న అందరికీ నిజంగా అవసరమేనా?



అన్నదానం మీద చేసిన వీడియోలో రంతిదేవుడి కథ చెప్పుకున్నాం. అప్పుడు చెప్పడానికి మనసొప్పక వదిలేసిన నా సొంత సంగతి ఒకటుంది. ఈరోజు అది రాస్తాను.

మా కాలనీ గుడిలో ప్రతి శనివారం సాయంత్రం పులిహోర, దద్దోజనం పొట్లాలు కట్టి పంచుతాం. మొత్తం 200 పొట్లాలు. పోయిన కార్తీకంలో ఒక శనివారం పంచే పని నాది. ఒకాయన బైక్ పక్కన పెట్టి లైన్‌లోకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో ఆఫీసు ఐడీ కార్డు. ఒక పొట్లం తీసుకుని, “ఇంకొకటి ఇస్తారా, ఇంట్లో అమ్మ ఉంది” అన్నాడు.

“అన్నా, ఇది నిజంగా అవసరం ఉన్నవాళ్ళ కోసం. మీకేం తక్కువ?” అన్నాను. వెనకాల ఉన్నవాళ్ళకి వినపడేలా, కాస్త గట్టిగానే.

ఆయన ఏమీ మాట్లాడలేదు. చేతిలో ఉన్న పొట్లం కూడా బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయాడు. ఆ రోజు చివర్లో ఇరవైకి పైగా పొట్లాలు మిగిలాయి.

ఇంటికెళ్ళాక నేను చేసింది కరెక్టే అని నాకు నేను నచ్చజెప్పుకోవాలనిపించింది. అపాత్రదానం చేయకూడదు అంటారు కదా, అదెక్కడుందో చూద్దామని భగవద్గీత 17వ అధ్యాయం తీశాను. 20 నుంచి 22 వరకు మూడు శ్లోకాల్లో కృష్ణుడు దానాన్ని సాత్త్వికం, రాజసం, తామసం అని మూడు రకాలుగా చెప్తాడు. తగని చోట, తగని వేళ, పాత్రత లేనివాళ్ళకి ఇచ్చేది తామసం. హమ్మయ్య అనుకున్నాను. కానీ శ్లోకం అక్కడితో అయిపోలేదు. గౌరవం లేకుండా, చులకన చేసి ఇచ్చేది కూడా తామసమే అని అదే శ్లోకంలో ఉంది. మనం మొదటి సగం బాగా గుర్తుపెట్టుకున్నాం, రెండో సగం వదిలేశాం. ఆయన పాత్రుడో కాదో నాకు తెలీదు. నా దానం మాత్రం తామసమని తేలిపోయింది.

రంతిదేవుడి కథలోనూ ఇదే ఉంది. భాగవతం తొమ్మిదో స్కంధం ప్రకారం ఆయన 48 రోజులు తిండీ నీళ్ళూ లేకుండా ఉన్నాడు. చివరికి దొరికిన కాస్త అన్నాన్ని వచ్చినవాళ్ళకి వచ్చినట్టు పంచేశాడు. కుక్కలతో వచ్చిన మనిషికి పెట్టాక, ఆ మనిషికీ ఆ కుక్కలకీ కూడా నమస్కారం చేశాడు. ‘నీకు నిజంగా ఆకలేస్తోందా?’ అని ఎవర్నీ అడగలేదు.

అయితే ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. పొట్లాలు 200 మాత్రమే. ఒకరు నాలుగు పట్టుకెళ్తే చివరున్నవాళ్ళకి ఉండదు కదా? నిజమే. కానీ దానికి మందు ముఖం చూసి తీర్పు చెప్పడం కాదు, అందరికీ ఒకటే రూల్ పెట్టడం. ఇప్పుడు మా గుడిలో లైన్ పూర్తయ్యేదాకా మనిషికి ఒకటే పొట్లం. తర్వాత మిగిలితే అడిగినవాళ్ళకి ఇంకోటి. బిల్డింగ్ పనులు చేసేవాళ్ళు ఆలస్యంగా వస్తారు కాబట్టి వాళ్ళ కోసం ముందే నలభై పక్కన పెడతాం. ఎవరి చొక్కా ఎలా ఉందో చూడాల్సిన పనే లేదు.

అవసరం అనేది బట్టల మీద రాసి ఉండదు. ఉద్యోగం పోయినా మెడలో కార్డు ఉండొచ్చు. బైక్ ఈఎంఐ కట్టాక నెలాఖరుకి చేతిలో ఏమీ మిగలకపోవచ్చు. హాస్టల్‌లో, పీజీలో ఉన్న మీలో చాలామందికి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. పైగా, రుజువు అడిగితే లైన్‌లోంచి ముందు వెళ్ళిపోయేది మోసం చేసేవాడు కాదు, అభిమానం ఉన్నవాడు. మోసం చేసేవాడికి జవాబు ఎప్పుడూ రెడీగానే ఉంటుంది.

మరి తినేవాళ్ళకి ఏ బాధ్యతా లేదా? ఉంది. తిరుమలలో తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో కోటీశ్వరుడూ కూలీ ఒకే వరసలో కూర్చుంటారు. అది స్వామి ప్రసాదం, అక్కడ మొహమాటం అక్కర్లేదు. హైదరాబాద్‌లో 2014లో మొదలైన ఐదు రూపాయల భోజనం సంగతి వేరు. అది తక్కువ సంపాదనతో కడుపు నింపుకునేవాళ్ళ కోసం పెట్టింది. జీతం వచ్చే నేను వీకెండ్ సినిమాకి డబ్బులు మిగుల్చుకోవడానికి అక్కడ నిలబడితే, ఇంకొకరి ప్లేటు తీసుకుంటున్నానేమో అని ఆలోచించాలి. కానీ ఆలోచించాల్సింది నేను. ‘నీకు నిజంగా అవసరమా?’ అనే ప్రశ్న నన్ను నేను అడుక్కుంటే అది ధర్మం. పక్కవాణ్ణి అడిగితే అవమానం.

మీకు ఎప్పుడైనా నిజంగా అవసరం పడితే మాత్రం సిగ్గుపడకుండా లైన్‌లో నిలబడండి. చేతిలో డబ్బు ఆడినప్పుడు ఒక శనివారం వచ్చి వడ్డించండి, లెక్క సరిపోతుంది.

ఆయన మళ్ళీ మా గుడికి రాలేదు. ప్రతి శనివారం బైక్ ఆగిన చప్పుడు వినపడితే అటు చూస్తాను. తిన్నవాళ్ళు లేచేటప్పుడు “అన్నదాతా సుఖీభవ” అంటారు. ఆ మాట వినపడ్డప్పుడల్లా నాకు బల్ల మీద మిగిలిపోయిన ఆ పొట్లమే గుర్తొస్తుంది.

శుభం భూయాత్.